కాస్త మడిల్డ్

ఆ మాట రాసింది గేనరే. ఆదివారం సాయంత్రం డ్యూటీ దిగబోతూ, కోటు ఒక చేతికి తొడుక్కుని, రెండో చేత్తో గబగబా రాసేసింది. ఏడో నంబరు మంచం. కాన్‌స్టన్స్ ఎంట్‌విజిల్, ఎనభై నాలుగేళ్లు, తుంటి ఎముకకి ఆపరేషన్ అయి మూడో రోజు. బీపీ బాగుంది. టోస్టు సగం తింది. పేరు పెట్టి పిలిస్తే పలకడం లేదు. కాస్త మడిల్డ్.

ఆ ఇంగ్లీషు ఊరి ఆసుపత్రి వార్డులో తికమకకి రెండు మాటలున్నాయి. కన్‌ఫ్యూజ్డ్ అని రాస్తే అది పెద్ద వ్యవహారం. డాక్టరు రావాలి, రక్తం తీయాలి, మూత్రం పరీక్షకి పంపాలి, తలకి స్కాన్ అవసరమా అని నలుగురూ ఆలోచించాలి. మడిల్డ్ అంటే అవేవీ అక్కర్లేదు. తల కాస్త పక్కకి వంచి, పాపం అన్నట్టు చిన్నగా నవ్వి అనే మాట అది. అందులో కోపం లేదు, నింద లేదు. ఎవరి బామ్మ గురించైనా ఆ బామ్మ ముందే అనొచ్చు. నర్సుల చేతికింద ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న గేనర్ ఆ మాట ఎన్ని వందలసార్లు రాసిందో లెక్క లేదు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత తేలిగ్గా రాసేది. ఆ రోజూ అంతే. రాసి, రెండో చెయ్యి కూడా కోటులో దూర్చి, బస్సు అందుకోవడానికి పరిగెత్తింది.

సోమవారం ఆమెకి సెలవు. మంగళవారం ఉదయం ఏడింటికి వచ్చేసరికి వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్ బెర్నడెట్ చేతిలో కాగితం పట్టుకుని, ఒక్కో మంచం సంగతీ చదివి వినిపిస్తోంది. ఆవిడ గేనర్ కన్నా పదిహేనేళ్లు చిన్నది. చదివేటప్పుడు తల ఎత్తదు.

"ఏడు. కాన్‌స్టన్స్. ఆదివారం నుంచీ మడిల్డ్. దుప్పటి పీకుతోంది. టీ తాగడం లేదు. నిన్న తేదీ అడిగితే తప్పు చెప్పింది. డాక్టర్ రాడ్‌క్లిఫ్ చూసి కన్‌ఫ్యూజన్ అని రాశారు. గురువారం పదకొండింటికి మీటింగు. సోషల్ వర్కర్ నీల్ వస్తున్నాడు. ఇంటికి పంపరు, వృద్ధుల హోముకే అనుకుంటున్నా. ఎనిమిది."

గేనర్‌కి 'ఆదివారం నుంచీ' అన్న దగ్గర ఎక్కడో చిన్నగా గుచ్చుకుంది. ఆదివారం నాడు ఉన్నది తను రాసిన ఆ ఒక్క ముక్కే కదా. కానీ అప్పటికే ఎనిమిది అయి తొమ్మిదికి వెళ్లిపోయారు. పన్నెండో మంచం పెద్దాయన పక్క తడుపుకున్నాడు, ఆయన్ని ముందు చూడాలి.

ఏడో మంచం దగ్గరికి వెళ్లేసరికి పదయింది. తలగడ వెనక తెల్ల బోర్డు మీద పేరు పక్కన నీలం పువ్వు బిళ్ల అతికించి ఉంది. ఈ మనిషి చెప్పేది ఉన్నదున్నట్టు నమ్మకండి అని తోటివాళ్లకి చెప్పే గుర్తది. రోగికీ చుట్టాలకీ మాత్రం, మరింత శ్రద్ధగా చూసుకుంటాం అని చెబుతారు. పెద్దావిడ కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉంది.

"కాన్‌స్టన్స్ తల్లీ, ఒళ్లు తుడుచుకుందామా?"

ఆవిడ కదల్లేదు. గేనర్ ముందుకి వచ్చి ఎదురుగా నిలబడ్డాక అప్పుడు చూసి, మర్యాదగా నవ్వింది.

"ఓ, నాతోనా? నీకు వీలయినప్పుడే తల్లీ. తొందరేం లేదు."

గేనర్ బేసిన్లో వేడినీళ్లు పట్టుకొచ్చి, మోచేత్తో వేడి చూసి, ముందు మొహం, తరవాత మెడ, చంకలు తుడిచింది. ఒక భాగం తుడుస్తున్నప్పుడు తక్కిన ఒంటి మీద తువ్వాలు కప్పే ఉంచింది. అలా కప్పాలని ఆమెకి ఎవరూ నేర్పలేదు. నవంబరు చలి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఎవరైనా అలాగే చేస్తారు. నైట్‌గౌను మార్చి, దుప్పటి పైకి లాగబోతే ఆవిడ వేళ్లు దాని అంచులో చిక్కుకుని ఉన్నాయి. ఇలాంటప్పుడు ఏం చేయాలో గేనర్‌కి తెలుసు. పసిపిల్లల చేతిలోంచి కత్తెర తీసినట్టు వేళ్లు ఒక్కొక్కటే విడదీసి ఒళ్లో పెట్టింది.

అప్పుడే కౌంటర్లో ఉండే అమ్మాయి మూడు కవర్లు తెచ్చి మంచం మీద పడేసిపోయింది. పెద్దావిడ కళ్లజోడు ఎక్కడుందో తెలియక గేనరే ఒకటి విప్పింది. కార్డు. పైన పువ్వుల బొమ్మ, లోపల నాలుగు ముక్కలు.

"ప్రియమైన ఏవిస్, తొందరగా కోలుకుని వచ్చెయ్యి... అయ్యో, ఇది మీది కాదు తల్లీ. ఇంకెవరో ఎంట్‌విజిల్‌ది. ఈ చుట్టుపక్కల ఆ ఇంటిపేరువాళ్లకేం కొదవ లేదుగా."

"నాదే తల్లీ."

"మీదేలెండి," అంది గేనర్. తల కాస్త పక్కకి వంగింది, చిన్న నవ్వు నవ్వింది. మిగతా రెండు కవర్లు చూసింది. వాటి మీదా ఏవిస్ అనే ఉంది. మూడూ కలిపి, వెళ్లేటప్పుడు కౌంటర్లో ఇచ్చేద్దామని ఏప్రన్ జేబులో పెట్టుకుంది.

దుప్పటి సర్దబోయి అంచు చూసింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఉతికి అంచులు విడిపోయి పోగులు వేలాడుతుంటాయి. దీనికి ఒక మూరన్నర మేర పోగులు లేవు. రెండేసి పోగులు కలిపి ముడి వేసి ఉన్నాయి. ఆవగింజంత ముడులు, బల్లపరుపుగా, వేలితో రాస్తే కూడా తగలనంత సన్నగా. ఒక్కటి వంకర లేదు.

"ఇవి మీరు వేశారా?"

"అంచు ఊడిపోతోంది తల్లీ. వదిలేస్తే దుప్పటంతా పోతుంది. తప్పయితే విప్పేస్తాను."

"ఎక్కడ నేర్చుకున్నారు?"

"నేత మిల్లులో. ముప్ఫై ఒక్క సంవత్సరం పడుగు పోగులు లాగాను. రెండువేల నాలుగొందల పోగులుండేవి ఒక్కో పడుగుకి, ఏది ఏ కంతలోంచి రావాలో అందులోంచే రావాలి. ఒకటి తప్పితే గుడ్డంతా గీత పడిపోతుంది. మా సూపర్‌వైజరు ఏమనేవాడంటే, ఏవిస్ లాగిన పడుగు మళ్లీ చూడక్కర్లేదు అనేవాడు."

గేనర్ చేతులు దుప్పటి మీద ఆగిపోయాయి.

"ఏవిస్ ఎవరు?" అంది, అడుగుతుండగానే ఆమెకి తెలిసిపోయింది.

"నేనే. కాన్‌స్టన్స్ మా అమ్మ. నాకూ మొదటి పేరు అదే పెట్టారు, రిజిస్టర్లో. ఇంట్లో ఇద్దరు కాన్‌స్టన్స్‌లుంటే ఎవర్ని పిలుస్తున్నారో తెలియదు కదా, అందుకని రెండో పేరుతో పిలిచేవాళ్లు. బళ్లో అదే, మిల్లులో అదే. మా ఆయనా అలాగే పిలిచేవాడు. మా అమ్మ పోయి నలభై ఏళ్లయింది. ఇక్కడ ఎవరైనా కాన్‌స్టన్స్ అంటుంటే మా అమ్మే వచ్చిందేమో అన్నట్టుంటుంది."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను తల్లీ, మొదటి రోజు, ఒక అమ్మాయికి. 'అలాగే కాన్‌స్టన్స్' అంది. మీరందరూ ఎంత హడావిడిగా ఉంటారు, మాటిమాటికీ చెబితే ఏం బాగుంటుంది."

"టీ ఎందుకు తాగడం లేదు?"

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "అందులో చక్కెర వేస్తున్నారు. రెండు రోజులు తాగాను. ఇంక నావల్ల కాలేదు. ఎవరికీ చెప్పకు, బాధపడతారు."

"తేదీ?"

"అదిగో." ఎదురు గోడ మీద, రోగుల సౌకర్యార్థం పెట్టిన పెద్ద అంకెల క్యాలెండరు శుక్రవారం పదకొండు దగ్గరే ఆగి ఉంది. వారాంతంలో ఎవరూ కాగితం తిప్పలేదు. "నాకు పద్నాలుగు అనిపించింది. కానీ ఆసుపత్రివాళ్లు పెట్టారంటే వాళ్లకే తెలుస్తుంది కదా అని అదే చెప్పాను."

గేనర్ జేబులోంచి మూడు కవర్లూ తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ఆమెకి సిగ్గేసింది. ఒళ్లంతా వేడెక్కేంత సిగ్గు.

సిస్టర్ బెర్నడెట్ మందుల బండి దగ్గర దొరికింది. చిన్న ప్లాస్టిక్ గిన్నెల్లో మాత్రలు వేస్తూ, గేనర్ చెప్పిందంతా వింది, విన్నట్టే ఉంది.

"అయితే ఏమంటావు?"

"ఆదివారం నేను రాసింది తప్పు సిస్టర్. ఆవిడ బాగానే ఉంది. అది కొట్టేయాలి."

"రాసింది కొట్టేయడానికి లేదు, నీకు తెలుసు. కావాలంటే కింద ఇంకో ముక్క రాయి. డాక్టరుగారు కూడా రాశాక ఆయన మీద నువ్వు రాస్తావా?"

"కనీసం బోర్డు మీద పేరు మారుస్తాను."

"బోర్డు మీద పేరు, మణికట్టు పట్టీ మీద పేరు ఒకటే ఉండాలి. వేరే ఉంటే రేపు మందులు మారిపోతాయి. చూడు గేనర్, వాళ్లు చక్కగా మాట్లాడతారు. పది నిమిషాలు చక్కగా మాట్లాడతారు, మనకి అనుమానం వస్తుంది. పదకొండో నిమిషంలో వాళ్లమ్మ వచ్చిందంటారు. వాళ్లమ్మ గురించేమైనా చెప్పిందా నీకు?"

మా అమ్మే వచ్చిందేమో అన్నట్టుంటుందన్న మాట గేనర్‌కి గుర్తొచ్చింది.

సిస్టర్ గిన్నె మూత పెట్టి మొదటిసారి తలెత్తింది. "నువ్వు పోయినవారం ఆరు రోజులు వరసగా చేశావు కదూ? కాస్త కూర్చుని టీ తాగు. నువ్వే కొంచెం మడిల్డ్‌గా ఉన్నావు." తల పక్కకి వంచి, చిన్నగా నవ్వింది.

అందులో కోపం లేదు, నింద లేదు. కాదంటే, పాపం అవునన్నట్టే ఉంటుంది. గట్టిగా కాదంటే ఇంకా అవునన్నట్టుంటుంది. గేనర్ కూర్చోలేదు, టీ తాగలేదు. ఆ మధ్యాహ్నమంతా తను చేసిన ప్రతి పనీ రెండుసార్లు చూసుకుంది. నాలుగో మంచం జ్వరం చార్టు ఐదో మంచానికి రాసిందేమో అని వెనక్కి వెళ్లింది. సరిగ్గానే రాసింది. కానీ వెనక్కి వెళ్లడం సిస్టర్ చూసింది. తప్పు రాశానని ఒప్పుకున్నవాళ్ల సంగతి ఏమవుతుందో కూడా ఆమెకి తెలుసు. పోయినేడు ఒకావిడ ఇలాగే ఒప్పుకుంటే, ఫారాలు నింపించి, రెండు నెలలు విచారించి, చివరికి కింద లాండ్రీకి పంపారు. గేనర్‌కి రోగుల దగ్గర పని తప్ప ఇంకో పని రాదు, ఇష్టమూ లేదు.

అయినా తను డాక్టరు రాసిన దాని కింద రెండు వాక్యాలు రాసింది. ఇంట్లో పిలిచే పేరు ఏవిస్ అనీ, టీలో చక్కెర వద్దనీ. ఆ రాత ఎవరైనా చదువుతారన్న నమ్మకం మాత్రం లేదు.

బుధవారం ఉదయం వెళ్లి, "ఏవిస్" అని పిలిస్తే ఆవిడ వెంటనే తిరిగింది. కానీ మొహంలో ఏదో తేడా ఉంది. చేతులు రెండూ దుప్పటి మీద బోర్లించి పెట్టుకుంది. అంచులో పోగులు వేలాడుతూనే ఉన్నాయి.

"ముడులు వేయడం లేదేం?"

"పీకుతున్నానని రాస్తున్నారట. పక్క మంచం ఆవిడ చెప్పింది." బోర్లించిన చేతుల వైపు చూసుకుంటూ, "ఇవాళ బుధవారమేనా తల్లీ?" అంది.

"బుధవారమే."

"నువ్వు చెప్పావు కాబట్టి సరే. నేను అనుకుంటే చాలదిప్పుడు. నిన్న సాయంత్రం ఆ నీల్ అనే అబ్బాయి వచ్చాడు. మంచి అబ్బాయి. ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నాడు. ప్రపంచ యుద్ధం ఎప్పుడు మొదలైందన్నాడు. ఎందుకడుగుతున్నాడా అని ఆలోచిస్తుంటే పద్నాలుగు దగ్గర ఆగిపోయాను. నేను తికమక పడుతున్నానట. మనకి తెలియదట అది. పడేవాళ్లకి తెలియదట."

"మీరేం తికమక పడటం లేదు ఏవిస్."

"లేదు తల్లీ, అంత చదువుకున్నవాళ్లు ఊరికే అంటారా? స్టవ్ ఆర్పానో లేదో అని ఒక్కోసారి మళ్లీ వెళ్లి చూస్తాను నేను. అదేనేమో." కిటికీ వైపు చూసింది. బయట వాన. "ఇల్లు మాది కాదు, ఊరి కౌన్సిల్ అద్దెకిచ్చింది. నేను హోముకి వెళ్తే పదిహేను రోజుల్లో ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు. యాభై ఎనిమిదేళ్లున్నాను అందులో. అయినా నాకంటే వాళ్లకే బాగా తెలుస్తుందిలే."

గేనర్‌కి భయమేసింది. ఇంతకుముందు ఎప్పుడూ చూడనిది కాదు ఇది. వార్డులో ఎంతోమందిని ఇలా చూసింది. వచ్చినప్పుడు టకటకా మాట్లాడినవాళ్లు వారం తిరిగేసరికి ప్రతిదానికీ మొహం చూసి అనుమతి అడిగేవాళ్లు. జబ్బు ముదిరింది అనుకునేది. ఆ మాటే మనిషిని తినేస్తుందన్న ఆలోచన ఒక్కసారీ రాలేదు.

గురువారం పదకొండింటికి మీటింగు. వార్డు చివరి కిటికీల గదిలో మూడు కుర్చీలు వేశారు. డాక్టర్ రాడ్‌క్లిఫ్, సిస్టర్ బెర్నడెట్, ఒళ్లో ఫైలుతో నీల్. ఏవిస్‌ని చక్రాల కుర్చీలో తోసుకొచ్చింది గేనర్. తోసుకొచ్చి, బ్రేకు వేసి, కాళ్ల మీద శాలువా సర్ది వెళ్లిపోవాలి. అది ఆమె పని. శాలువా సర్దింది. మళ్లీ సర్దింది. వెళ్లలేదు.

"హలో కాన్‌స్టన్స్," అన్నాడు నీల్ ప్రేమగా, కొంచెం గట్టిగా. ఏవిస్ ఒళ్లో చేతులు చూసుకుంటూ ఉంది. నీల్ కలం కాగితం మీద పెట్టాడు.

"ఆవిడది ఆ పేరు కాదండీ," అంది గేనర్.

ముగ్గురూ ఆమె వైపు చూశారు. రెండు రోజులుగా బస్సులో, వంటింట్లో, మనసులో వరసగా పేర్చుకున్నదంతా ఒక్కసారి ఎగిరిపోయింది. "ఆదివారం నేను... అంటే సోమవారం నేను లేను, ఆదివారం రాశాను. పలకలేదని. చక్కెర కూడా అంతే, అది పీకడం కాదు, ముడులు. క్యాలెండరు ఎవరూ తిప్పలేదు, అందుకని పదకొండు..." తన గొంతు తనకే వింతగా వినిపించింది. సిస్టర్ తల నెమ్మదిగా పక్కకి వంగుతోంది. నీల్ కళ్లలో జాలి.

గేనర్ ఆగింది. కుర్చీ పిడి గట్టిగా పట్టుకుని, ఊపిరి తీసుకుంది.

"ఆవిడ పేరు ఏవిస్. నేను వేరే పేరుతో పిలిచాను. పలకలేదు. మడిల్డ్ అని రాశాను. మిగిలిందంతా దాని మీద కట్టారు. తప్పు నాది."

డాక్టర్ రాడ్‌క్లిఫ్ నీల్ ఒళ్లోని ఫైలు తీసుకుని వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. బుధవారం, మంగళవారం, సోమవారం. ఆదివారం దగ్గర ఆగి, ఆ ఒక్క లైను చదివాడు. సోమవారం తను రాసింది మళ్లీ చదువుకున్నాడు. కళ్లజోడు తీసి, ఏవిస్ వైపు కుర్చీ కొంచెం జరుపుకున్నాడు.

"మిమ్మల్ని ఏమని పిలవమంటారు?"

ఆవిడ ముందు గేనర్ మొహం చూసింది, చెప్పొచ్చా అన్నట్టు. గేనర్ ఆ చూపు అందుకుంది. తల ఊపింది.

"ఏవిస్ అనండి డాక్టరుగారూ, మీకు ఇబ్బంది లేకపోతే."

"ఇవాళ ఏ వారం ఏవిస్?"

"గురువారం. పదిహేడు." శాలువా అంచు సవరించుకుంది. "మీ వార్డు గోడ మీద మాత్రం ఇంకా పదకొండే ఉంది. నేను చెప్పడం బాగుండదని ఊరుకున్నాను."

నీల్ నవ్వాపుకోలేకపోయాడు. ఆ తరవాత ఇరవై నిమిషాలూ మెట్ల గురించీ, స్నానానికి పట్టుకునే కడ్డీ గురించీ, పొద్దున్నే వచ్చి సాయం చేసే మనిషి గురించీ మాట్లాడుకున్నారు. ఏవిస్ ముందు ఒక్కో మాటే చెప్పింది, తరవాత రెండేసి చెప్పింది. స్నానాల గది తలుపు ఎటు తెరుచుకుంటుందో నీల్ కాగితం మీద తప్పుగా గీస్తే, ఆవిడే కలం అడిగి తీసుకుని దిద్దింది. ఇంటికే పంపాలని రాశారు.

బయటికొచ్చాక సిస్టర్ బెర్నడెట్ గేనర్‌ని ఆపింది. "ఇదంతా ముందు నాతో చెప్పాల్సింది కదా."

"మంగళవారం చెప్పాను సిస్టర్. మందుల బండి దగ్గర."

"చెప్పావా?" సిస్టర్ నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. గుర్తు రాలేదు. దానికెవరూ ఏ మాటా వాడలేదు. సిస్టర్‌కి ఆ వారం పని ఎక్కువగా ఉంది, అంతే. సాయంత్రానికి మూడు పేజీల ఫారం ఒకటి గేనర్ పేరు మీద వచ్చింది. తప్పు ఎలా జరిగింది, ఎందుకు జరిగింది, మళ్లీ జరక్కుండా ఏం చేస్తారు. విచారణ తేదీ తరవాత చెబుతామన్నారు.

ఏవిస్ సోమవారం ఇంటికి బయల్దేరింది. ఉన్న సామానంతా ఒక సంచిలోకి వచ్చింది. గేనర్ నైట్‌గౌనులు మడతపెట్టి, కార్డులు పైన పెట్టి, చివరికి ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితం తెచ్చింది. ఇవ్వాలా వద్దా అని కారిడార్లో కాసేపు నిలబడింది కూడా. పొద్దున్నే కుర్ర డాక్టరు దగ్గరికి వెళ్లి అందులో కన్‌ఫ్యూజన్ అని ఉన్న లైను తీసేయమని అడిగింది. కంప్యూటర్లో రెండు గడులే ఉన్నాయండీ, ఉంది అనీ, తగ్గింది అనీ, అసలు లేదు అనడానికి గడి లేదు అన్నాడతను, నొచ్చుకుంటూ.

ఏవిస్ కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచీ నెమ్మదిగా చదివింది. తుంటి దాటింది, మాత్రలు దాటింది. వేలు ఒకచోట ఆగింది.

"కన్‌ఫ్యూజన్, ఆపరేషన్ తరవాత. ప్రస్తుతం తగ్గింది," అని పైకి చదివింది. "అయితే నాకది ఉండేదన్నమాట."

గేనర్ సంచి జిప్పు వేయబోయి ఆగింది.

"ఏం మందిచ్చారో, తెలియనే లేదు నాకు," అంది ఏవిస్. కాగితం వైపు అనుమానంగా చూస్తోంది. ఆ మొహం మీదికి మళ్లీ బుధవారం నాటి చూపు రాబోతోంది.

గేనర్ మంచం అంచున కూర్చుంది. మంచాల మీద కూర్చోకూడదని రూలు. "మీకు లేదు ఏవిస్. ఒక్కరోజు కూడా లేదు. అది ఉన్నది నాకు. మీ కాగితం మీద రాశారంతే."

ఏవిస్ కళ్లజోడు పైనుంచి ఆమెని చాలాసేపు చూసింది. తుంటి నొప్పి ఉన్నవాళ్లని గేనర్ చూసినట్టే, శ్రద్ధగా, తొందరపడకుండా చూసింది. తరవాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గేనర్ చేతిలో పెట్టింది.

"మరి తగ్గిందా తల్లీ నీకు?"